పలక, బలపం, సి ప్రోగ్రామింగ్: ఒక ఫస్టియర్ కేసు

బరంపురంలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పదకొండేళ్లుగా ఫస్టియర్ పిల్లలకు సి చెబుతున్నాను. ఈ కేసు రెండేళ్ల కిందటిది. ఆ కుర్రాడిని అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు రాయను, గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను. జరిగిన తప్పులు మాత్రం అతనివీ నావీ ఉన్నవి ఉన్నట్టే పెడుతున్నాను.

అతనిది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, పదో తరగతి దాకా ఒడియా మీడియం, ప్లస్ టూ ఇంగ్లిష్‌లో. బ్రాంచి సివిల్. ఏ బ్రాంచి అయినా ఫస్టియర్‌లో ప్రోగ్రామింగ్ తప్పదు కాబట్టి నా క్లాసులో పడ్డాడు. సెలవులకు ఇంటికెళ్తే మావయ్య కిరాణా కొట్లో కూర్చుంటాడు, నోటి లెక్కలు చకచకా చేస్తాడు. ఎక్కాలు మాత్రం ఒడియాలోనే, పణికియా (ఒడియాలో ఎక్కాలు) పాటలాగే వస్తాయి. లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్నవాడు మొదటి ఇంటర్నల్‌లో సి పేపర్లో 20కి 4 తెచ్చుకున్నాడు.

ల్యాబ్ రికార్డు చూస్తే ఆ నాలుగు మార్కులు నమ్మబుద్ధి కాదు. ముత్యాల్లాంటి రాత, ఎర్ర సిరాతో గీతలు, ఒక్క కొట్టివేత లేదు. ప్రోగ్రామ్ నంబరు చెబితే చాలు, మొదటి లైను నుంచి చివరి బ్రాకెట్ దాకా అప్పజెప్పేవాడు. అందులో ఒక్క అంకె మార్చి “ఇప్పుడేం వస్తుంది బాబూ?” అంటే మాత్రం తల దించుకునేవాడు.

నా మొదటి పొరపాటు

ఒడియా మీడియం నుంచి వచ్చాడు, ఇంగ్లిష్ అడ్డొస్తోంది అనుకున్నాను. ఈ ప్రాంతంలో ఏ మాస్టారికైనా ముందు తట్టే కారణం అదే. పైగా గిడుగు రామ్మూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి కుర్రాడు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం, సవరల పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని పడిన తపన చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాణ్ణి నేను. ఇంట్లో మాట్లాడే తెలుగులో చెబితే పని అయిపోతుందని గట్టిగా నమ్మాను.

సాయంత్రాలు ఇంటికి రమ్మన్నాను. లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేది) అంటే ఇది, ఇంక్రిమెంట్ (విలువ పెంచడం) అంటే ఇది, కండిషన్ అంటే ఇది అని అన్నీ తెలుగులో రాసిచ్చాను. అయిదు వారాలు గడిచాయి. అన్నీ నేర్చుకున్నాడు. లూప్ అంటే ఏమిటో మూడు భాషల్లో చెప్పగలిగేవాడు. లూప్ ఉన్న ప్రోగ్రామ్ ఏం చేస్తుందో ఒక్క భాషలోనూ చెప్పలేకపోయాడు.

తెలుగులో చెప్పడం వృథా అనను, దాని ఫలం తర్వాత కనిపించింది. కానీ జబ్బు అక్కడ లేదు. అయిదు వారాలు మందు వేరే చోట రాశాను.

మూడు లైన్ల పరీక్ష

ఆరో వారంలో బుద్ధి వచ్చి, పాఠం చెప్పడం ఆపి అడగడం మొదలుపెట్టాను. కాగితం మీద పైన ‘స్వాప్’ (రెండు విలువలను తారుమారు చేయడం) అని శీర్షిక పెట్టి, కింద ఇది రాశాను:

ఎ = 5; బి = 7;
ఎ = బి;
బి = ఎ;

“ఇప్పుడు ఎ ఎంత, బి ఎంత?”

“ఎ 7, బి 5 సార్.” తడుముకోకుండా చెప్పాడు.

రెండూ 7 కావాలి. సిలో = అంటే కుడివైపు విలువను ఎడమవైపు దాంట్లో పెట్టమని. రెండో లైనులోనే ఎలో ఉన్న 5 పోయింది, మూడో లైనుకు వచ్చేసరికి తిరిగివ్వడానికి అక్కడ ఏమీ లేదు. ఎందుకలా అన్నావంటే, “స్వాప్ అని ఉంది కద సార్” అన్నాడు.

అనుమానం వచ్చి శీర్షిక తీసేసి ఇంకొకటి ఇచ్చాను:

పెద్దది = 3; చిన్నది = 9;
పెద్దది = చిన్నది;

పెద్దది 9, చిన్నది 3 అన్నాడు. రెండూ 9 కావాలి. “పెద్దదాంట్లో పెద్దదే ఉంటాది కద సార్!”

ఆ మాటతో అయిదు వారాల చిక్కు విడిపోయింది. కుర్రాడు ప్రోగ్రామ్‌ను చదవడం లేదు, దాని ఉద్దేశాన్ని చదువుతున్నాడు. ఆ ఉద్దేశం కంప్యూటర్‌కు కూడా తెలుసని అనుకుంటున్నాడు. కొట్లో మావయ్య “అది ఇలా అందుకో” అంటే ఏది అందుకోవాలో ఇతనికి తెలుస్తుంది చూడండి, యంత్రం కూడా అలాగే అర్థం చేసుకుంటుందని అతని లెక్క. 1986లో రాయ్ పీ అనే పరిశోధకుడు కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చేవాళ్ల పొరపాట్లను పరిశీలించి, అన్నిటి వెనకా ఉన్న మూల పొరపాటు ఇదేనన్నాడు: యంత్రం లోపల ఎక్కడో మన మనసు తెలిసిన బుద్ధి ఒకటి ఉందని నమ్మడం. ఆ పేపరు ఎప్పుడో చదివాను. నా ఎదురుగా కూర్చున్న కుర్రాడి నోట వినేదాకా అది నాకు పేపరే.

స్టాఫ్‌రూమ్‌లో ఈ సంగతి చెబితే ఒక పెద్దాయన “కోడింగ్ కొందరికి పుట్టుకతో వస్తుందండీ, కొందరికి రాదు, వదిలేయండి” అన్నారు. ఆయన ఒక్కరి మాట కాదది. 2006లో సయీద్ దెహ్నాది, రిచర్డ్ బోర్నాట్ అనే పరిశోధకులు దాదాపు ఇలాంటి ప్రశ్నలతోనే పరీక్ష పెట్టి, కోర్సు మొదలవక ముందే ఎవరికి ప్రోగ్రామింగ్ వస్తుందో ఎవరికి రాదో విడదీయొచ్చన్నారు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. వేరే చోట్ల చేసి చూస్తే నిలవలేదు. 2014లో బోర్నాటే తన మాట వెనక్కి తీసుకున్నాడు. వెనక్కి తీసుకున్న సంగతి మాత్రం మా స్టాఫ్‌రూమ్ దాకా రాలేదు.

బాకీ పుస్తకం, ఆ తర్వాత పలక

ఇక నేను చెప్పాల్సింది సి కాదు, సి నడిచే యంత్రం. నిజం యంత్రం అక్కర్లేదు, మనసులో పెట్టుకుని నడిపించగలిగే చిన్న బొమ్మ యంత్రం చాలు. బెనెడిక్ట్ డు బూలే అనే పరిశోధకుడు 1980లలోనే దీనికో పేరు పెట్టి, నేర్చుకునేవాడికి ముందు కావాల్సింది ఇదేనని వాదించాడు.

కాగితం మీద మొదలెట్టాం. ఒక్కో వేరియబుల్‌కు, అంటే ఎ, బి లాంటి విలువ పెట్టుకునే పేరుకు, ఒక్కో నిలువు గడి. ఎడమ చూపుడు వేలు ప్రోగ్రామ్ లైను మీద, కుడిచేతిలో పెన్సిల్. వేలు ఉన్న లైను తప్ప కింది లైను చూడకూడదు. విలువ మారితే పాతది కొట్టేసి కింద కొత్తది రాయాలి. మొదటి రోజు ‘మొత్తం = మొత్తం + 40’ దగ్గరకు వచ్చి ఆగాడు. లెక్కల్లో ఇలాంటి సమీకరణం ఉండదని అతని బాధ. కాసేపు చూసి, “మా మావయ్య బాకీ పుస్తకం ఇలాగే ఉంటాది మాస్టారూ! పాత బాకీకి ఇవాళ్టిది కలిపి, కొత్త బాకీ అని రాస్తాడు” అన్నాడు.

కాలేజీలో నేను సార్‌ని. మాస్టారూ అనడం ఆ రోజే మొదలు. సంతోషపడి, ఉపమానం కూడా భలే కుదిరిందని వారం రోజులు అదే పట్టుకుని సాగించాను.

తర్వాతి శుక్రవారం మళ్లీ ఆ స్వాప్ ఇచ్చాను. గడులు గీసి, వేలు పెట్టి, పద్ధతి ప్రకారమే చేశాడు. జవాబు మళ్లీ 7, 5! ఈసారి కోపం వచ్చింది, దాచుకోను. కాగితం లాక్కుని చూస్తే, మూడో లైను దగ్గర ఎ గడిలో కొట్టేసిన 5 ఇంకా కనిపిస్తూనే ఉంది. దాన్నే తీసుకెళ్లి బిలో వేశాడు. అతని తప్పేం లేదు. బాకీ పుస్తకంలో కొట్టేసిన అంకె కూడా సాక్ష్యమే, గొడవ వస్తే వెనక్కి తిప్పి చూస్తారు. యంత్రంలో పాత విలువకు ఆనవాలే ఉండదు. ఆ తేడా నేను చెప్పలేదు, నా కాగితమూ చెప్పలేదు.

మర్నాడు బడా బజార్‌కి వెళ్లి పలక, బలపాల పెట్టె కొన్నాను. కొట్టువాడు మనవడికా అని అడిగాడు. పలక మీద నాలుగు గడులు గీసి, పక్కన తడిబట్ట పెట్టాను. కొత్త విలువ రాయాలంటే ముందు పాతది తుడవాల్సిందే. మళ్లీ అదే స్వాప్. మొదటి లైనయింది. రెండో లైనుకు ఎ గడిలో 5 తుడిచి 7 రాశాడు. మూడో లైనుకు బి గడి తుడవబోయి చెయ్యి ఆపేశాడు. ఎ గడి వైపు చూశాడు, బి గడి వైపు చూశాడు.

“అయిదు ఏది మాస్టారూ?”

“నువ్వే తుడిచావు.”

“ముందు ఎక్కడైనా దాచుకోవాల్సింది కద!” అని తనే మూడో గడి మీద టెంప్ (తాత్కాలికం) అని రాశాడు. రికార్డులో ఆ టెంప్‌ను అప్పటికి ఎన్నిసార్లు అందంగా రాశాడో. అది ఎందుకుందో ఆ సాయంత్రం తెలిసింది.

ఏడో ఎక్కం

అక్కడి నుంచి మంగళ, శుక్రవారాలు ముప్పావు గంట చొప్పున ఏడు వారాలు. ఒకే నియమం: కంప్యూటర్ మీద నడిపే ముందు ఏం వస్తుందో పలక మీద తేల్చి, నోట్సులో రాయాలి. రన్ చేశాక రాసింది చెరపకూడదు. కంప్యూటర్ ఒక్కో లైనూ నడిచే తీరు బొమ్మ కట్టి చూపించే పైథాన్ ట్యూటర్ అనే సాధనం ఉంది, ఫిలిప్ గువో తయారుచేశాడు, సి కూడా నడుస్తుంది. అదీ చూపించాను. బాగానే ఉంది గానీ, ‘నెక్స్ట్’ బటన్ టకటకా నొక్కుకుంటూ సినిమా చూసినట్టు చూసేస్తారు. ముందు తన జవాబు రాసుకోకపోతే దాని వల్ల లాభం తక్కువ.

ఒకరోజు ల్యాబ్‌లో ఏడో ఎక్కం ప్రోగ్రామ్ రాశాడు. పది లైన్లు రావాలి. స్క్రీన్ మీద ఒకే ఒక్క లైను:

7 x 11 = 77

పక్కవాళ్లు నవ్వారు. పదకొండు ఎక్కడిది, పది దాకానే కదా అడిగింది? పాత అలవాటైతే మొత్తం చెరిపి, రికార్డులోది చూసి మళ్లీ కొట్టేవాడు. ఆ రోజు చెరపలేదు, కాగితం మీద ఎక్కించుకుని సాయంత్రం తెచ్చాడు.

లూప్ మొదలయ్యే ఫర్ లైను చివర సెమికోలన్ (;) పెట్టేశాడు. దాంతో లూప్ అక్కడికే ముగిసింది. దాని కడుపులో ఏమీ లేదు. కూలీని పదిసార్లు పిలిచి, ఏ పనీ చెప్పకుండా పంపేసినట్టు అయింది. తెర మీద చూపించే ప్రింట్‌ఎఫ్ లూప్ అయ్యాక ఒక్కసారే నడిచింది. ఈ ముక్క నేను చెప్పాను. పదకొండు ఎలా వచ్చిందో అతనే పలక మీద పట్టుకోవాలని ఊరుకున్నాను. లూప్ ఎన్నోసారో లెక్కపెట్టే వేరియబుల్ ఐ, అది పదికి తక్కువో సమానమో అయినంతసేపు తిరగమని షరతు. ఐ గడిలో తుడుస్తూ రాస్తూ పది దాకా వచ్చాడు. పది, పదికి సమానమే కాబట్టి లోపలికి వెళ్లాలి, బయటకు వచ్చి ఒకటి కలపాలి. పదకొండు రాశాడు. పది కంటే తక్కువా? కాదు. సమానమా? కాదు. అప్పుడు ఆగింది.

“పది దగ్గర ఆగదా ఇది? పది దాటితే గానీ పది దాటినట్టు తెలీదా దీనికి?”

అంతకంటే బాగా నేను ఎప్పుడూ క్లాసులో చెప్పలేదు. ఇప్పుడు ఆ వాక్యమే చెబుతున్నాను.

ల్యాబ్‌లో మైనస్, ఫోన్‌లో ప్లస్

అంతా బాగుంది అనుకుంటుండగా ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఆ అంకె దాకా అన్నీ గుణించడం) వచ్చి పడింది. మా ల్యాబ్‌లో ఇప్పటికీ డాస్‌బాక్స్ మీద టర్బో సి అనే పాత కంపైలర్ (రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రం నడపగలిగేలా మార్చే సాఫ్ట్‌వేర్), అదే నీలం తెర. బోర్లాండ్ కంపెనీ 1987లో తెచ్చిన సరుకు. కుర్రాడు 8 ఫ్యాక్టోరియల్ పలక మీద వేసుకుని 40320 అని రాసుకున్నాడు. ల్యాబ్‌లో రన్ చేస్తే −25216 వచ్చింది. రూముకెళ్లి అదే ప్రోగ్రామ్ ఫోన్‌లోని కంపైలర్‌లో కొడితే 40320. మర్నాడు ల్యాబ్‌లో సిస్టమ్ మార్చి చూశాడు, మళ్లీ మైనస్. నా దగ్గరకు వచ్చేసరికి మొహం వాడిపోయి ఉంది. నాలుగు వారాలుగా “కంప్యూటర్‌కు సొంత బుద్ధి లేదు, చెప్పిందే చేస్తుంది” అని నూరిపోశాను కదా. ఇదేమో ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా. నా మాటే అబద్ధమైనట్టుంది.

ఇది దాటకపోతే పడిన కష్టమంతా పోతుందని ఆ రోజు రెండు గంటలు కూర్చున్నాను. టర్బో సిలో పూర్ణసంఖ్యలు పట్టే ఇంట్ అనే గడి 16 బిట్లది (బిట్ అంటే 0 లేదా 1 పట్టే చోటు). అందులో పట్టే విలువలు మొత్తం 65536. సగం మైనస్‌కు పోతాయి కాబట్టి −32768 నుంచి 32767 దాకా. పలక మీద గుండ్రంగా గీసి, పైన సున్నా పెట్టి, అడుగున 32767 పక్కనే −32768 రాశాను. పాత స్కూటర్ మీటర్ అన్ని తొమ్మిదులూ అయ్యాక మళ్లీ సున్నాలకు వచ్చినట్టే ఇదీ తిరుగుతుంది, కాకపోతే తిరగడం మైనస్ కొసలోకి. 40320లోంచి 65536 తీసేయమన్నాను. తీసేశాడు. −25216. ల్యాబ్ స్క్రీన్ మీద వచ్చిన అంకె అక్షరాలా అదే.

ఫోన్‌లో కంపైలర్ గడి 32 బిట్లది కాబట్టి అక్కడ పట్టింది. “అయితే అది కూడా ఎక్కడో తిరగబడాలి” అని వెళ్లిపోయాడు. మంగళవారం నోట్సు తెచ్చి చూపించాడు. 12 ఫ్యాక్టోరియల్ దాకా సరిగ్గా వచ్చింది. 13 దగ్గర 6227020800 రావాల్సింది, ఫోన్ 1932053504 చూపించింది. కింద చేత్తో తీసివేత వేసి ఉంది, 6227020800లోంచి 4294967296. నేను చెప్పలేదు. 2ను 32 సార్లు గుణించుకుంటూ పోయాడట, రూములో లైటు ఆర్పమని గొడవయ్యే దాకా.

ఎక్కడ ఆగిపోయాం

రాసి ఉన్న ప్రోగ్రామ్ ఏదిచ్చినా పలక మీద నడిపించేవాడు. తెల్ల కాగితం ఇచ్చి రాయమంటే మాత్రం చెయ్యి కదిలేది కాదు. కొట్టు లెక్కే ఇచ్చాను: రోజు అమ్మకాలు ఒక్కొక్కటే తీసుకో, సున్నా కొడితే ఆపు, సగటు చెప్పు. సున్నాను కూడా లెక్కలో కలిపేశాడు. అది దిద్దాక 7, 8 ఇస్తే సగటు ఏడున్నరకు బదులు 7 వచ్చింది, ఇంట్‌ను ఇంట్‌తో భాగిస్తే మిగతాది రాలిపోతుంది కాబట్టి. మొదటే సున్నా కొడితే ఏమవుతుందన్న ఆలోచన లేదు.

ఇందులో అతను ఒంటరివాడేం కాదు. 2001లో మెక్‌క్రాకెన్ బృందం నాలుగు యూనివర్సిటీల్లో 216 మందికి ప్రోగ్రామింగ్ కోర్సు అయ్యాక పరీక్ష పెడితే 110కి సగటున వచ్చిన మార్కులు 22.89. మూడేళ్ల తర్వాత రేమండ్ లిస్టర్ బృందం ఇంకా కిందికి వెళ్లి చూసింది. రాయడం సంగతి తర్వాత, ఇచ్చిన చిన్న ప్రోగ్రామ్ చదివి ఏం వస్తుందో చెప్పడమే చాలామందికి సరిగ్గా రావడం లేదని తేలింది. నా పలక ఆ రెండో గుంట పూడ్చింది. మొదటిది అలాగే ఉంది.

పార్సన్స్, హేడెన్ 2006లో చెప్పిన పద్ధతి పట్టుకున్నాను. ప్రోగ్రామ్‌ను లైను లైనుగా కత్తిరించి, చీటీలు కలిపేసి, వరస పెట్టమనడం. పాత క్యాలెండర్ వెనకవైపు రాసి కత్తిరించాను. ఇది కొంత పనిచేసింది. ఫంక్షన్లకు (ప్రోగ్రామ్ పిలిచి పని చేయించుకునే చిన్న ప్రోగ్రామ్‌లకు) మా అమ్మాయి పలక అరువు తెచ్చి రెండో పలకగా పెట్టాను. విలువలు అందులోకి ఎక్కించుకుని, అక్కడే మార్చుకుని, పని అవగానే ఆ పలక మొత్తం తుడిచేస్తే మొదటి పలక మీద ఏమీ మారదు. పాయింటర్ల దాకా వెళ్లలేకపోయాం, సెమ్ అయిపోయింది.

రెండో ఇంటర్నల్‌లో 20కి 11. సెమ్‌లో బ్యాక్ రాలేదు, గొప్ప గ్రేడూ రాలేదు. ఒక్క కుర్రాడికి పద్నాలుగు సిట్టింగులు పట్టాయి. అరవై మంది సెక్షన్‌కు అది సాగే పని కాదు. ఇప్పుడు మొదటి రెండు వారాలు కంప్యూటర్ ముట్టనివ్వకుండా ఇద్దరికొక పలక ఇస్తున్నాను. పిల్లలు నవ్వుతారు, ఫోటోలు తీసి పంపించుకుంటారు. అందరికీ పడే మందు కూడా కాదిది. పోయినేడు ఒకమ్మాయి పలక మీద మొదటి రోజే అన్నీ సరిగ్గా చేసింది. ఆమె టెన్షనల్లా స్క్రీన్ మీద వరసగా వచ్చే ఎర్రర్ల గురించే. నేనామెను ఇంకో వారం అనవసరంగా పలకతో కూర్చోబెట్టాను.

వైవా

ఫైనల్ ల్యాబ్ వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మూడో వేరియబుల్ లేకుండా స్వాప్ చెయ్యమన్నారు. కుర్రాడు కాగితం అడిగాడు. ఎ = ఎ + బి; బి = ఎ − బి; ఎ = ఎ − బి. 5, 7 వేసి చూపించాడు: 12, తర్వాత 5, తర్వాత 7. అంతటితో ఊరుకోక “టర్బో సిలో పెద్ద అంకెలిస్తే ఇది చెడిపోద్ది సార్, కూడిక గడి దాటిపోద్ది” అన్నాడు. ఎగ్జామినర్ తల ఊపారు. పక్కనే ఉన్న నేనూ ఊపాను.

సాయంత్రం ఇంటికొచ్చాడు, వైవా బాగా అయిందని సంతోషం. నాకెందుకో మనసులో పీకుతూనే ఉంది. పలక తీసి 20000, 15000 ఇచ్చాను. కూడితే 35000, గడి పట్టదు, తిరిగి −30536. అందులోంచి 15000 తీస్తే −45536, అదీ పట్టదు, తిరిగి 20000. −30536లోంచి 20000 తీస్తే −50536, మళ్లీ తిరిగి 15000. ఎలో 15000, బిలో 20000. ఏమీ చెడిపోలేదు.

ఇద్దరం పలక వైపే చూస్తూ కూర్చున్నాం. గడి దాటితే ఏం జరగాలో సి నియమాల్లో హామీ లేదనీ, ఈ కంపైలర్ ఇలా తిప్పుతోంది కాబట్టి వచ్చిందనీ, ఇంకోటి ఇలాగే చేస్తుందని నమ్మడానికి లేదనీ చెప్పాను. విన్నాడో లేదో తెలియదు.

“మూడుసార్లు తప్పితే ఒప్పయిందా మాస్టారూ?” అని తడిబట్ట అందుకుని గడులన్నీ తుడిచి, ఈసారి 30000, −30000 రాసుకున్నాడు.